పదకొండు అంకెల నిచ్చెన: ప్రపంచ ప్రజాభిప్రాయ సేకరణలో జీవనసంతృప్తి - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఒక దేశప్రజలు బాగున్నారా లేదా అన్న ప్రశ్నకు ఆదాయం, ఆహారం, ఆయుర్దాయాల లెక్కలు ఒక విధమైన సమాధానం ఇస్తాయి. ఆ ప్రజలనే నేరుగా అడిగి తెలుసుకోవడం రెండవ విధానం. ఇరవయ్యవ శతాబ్ది మధ్యభాగంలో రూపుదిద్దుకున్న ఈ రెండవ విధానానికి అమెరికన్ మనస్తత్త్వ శాస్త్రవేత్త హాడ్లీ కాంట్రిల్ రూపొందించిన నిచ్చెన ప్రశ్న ప్రధాన సాధనమైంది. నేటికీ ప్రపంచ సంతోష నివేదికలు దీనినే ఆధారంగా చేసుకుంటున్నాయి. ఈ సాధనం పుట్టుక, దాని చుట్టూ అల్లుకున్న రాజకీయ ప్రయోజనాలు, ఆర్థికవేత్తల వివాదాలు, క్యూబా, ఈజిప్టు, ట్యునీషియా, భూటాన్ అనుభవాలు, భారతదేశంలోనూ తెలుగు ప్రాంతంలోనూ దాని వినియోగం ఈ వ్యాసంలో పరిశీలనాంశాలు. ప్రజాభిప్రాయ ఫలితాన్ని అర్థం చేసుకోవాలంటే సమాధానంతో పాటు ప్రశ్న అడిగినవారినీ, ఆ సమాధానం చేరినచోటునూ పరిశీలించాలన్నది ఈ వ్యాస ప్రతిపాదన.

కీలకపదాలు: ప్రజాభిప్రాయం, జీవనసంతృప్తి, కాంట్రిల్ నిచ్చెన, ఈస్టర్లిన్ వైరుధ్యం, స్థూల జాతీయ సంతోషం, నమూనా సర్వే.

1. ఉపోద్ఘాతం:

ప్రజల సుఖంలోనే రాజు సుఖం ఉందన్న భావన భారతీయ రాజనీతి గ్రంథాలకు కొత్తది కాదు. అయితే ప్రజలు సుఖంగా ఉన్నారని రాజుకు తెలిసేదెలా? చారులు తెచ్చే వార్తలు, అధికారుల నివేదికలు, కొలువుకు వచ్చే ఫిర్యాదులు - ఇవే చాలాకాలం ఆధారాలు. వలసపాలనలో వాటికి గణాంకాలు తోడయ్యాయి. జనాభా లెక్కలు, శిస్తు వసూళ్ల పట్టికలు, కరవు కమిషన్ల నివేదికలు దేశస్థితిని అంకెల్లో చూపడం మొదలుపెట్టాయి.

ఆ అంకెలే వాదానికి ఆయుధాలుగానూ మారాయి. భారతీయుని సగటు వార్షికాదాయం 20 రూపాయలేనని దాదాభాయి నౌరోజీ లెక్కకట్టారు. 1901లో వైస్రాయ్ కర్జన్ దానిని 30 రూపాయలుగా చెప్పి దేశం అభివృద్ధి చెందుతోందని వాదించారు. నౌరోజీ గ్రంథం 'పావర్టీ అండ్ అన్‌బ్రిటిష్ రూల్ ఇన్ ఇండియా' వెలువడింది కూడా ఆ సంవత్సరమే. ఈ వివాదంలో ఇరుపక్షాలూ పంటల దిగుబడులనూ, ధరలనూ, పన్నులనూ ఆధారం చేసుకున్నాయి. రైతు తన బతుకును తాను ఎలా చూసుకుంటున్నాడన్నది ఆ లెక్కల్లో ఎక్కడా అంకెగా మారలేదు. అటువంటి అంకెను రాబట్టే పద్ధతి అప్పటికి లేదు.

ఆ పద్ధతి ఎలా వచ్చింది, వచ్చిన తరువాత ఎవరికి ఉపయోగపడింది అన్న రెండు ప్రశ్నలు ఈ వ్యాసానికి మూలం.

2. నమూనా సర్వే ఆవిర్భావం:

ఆధునిక ప్రజాభిప్రాయ సేకరణ చరిత్రలో 1936 ఒక మలుపు. ఆ ఏడాది అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో 'లిటరరీ డైజెస్ట్' పత్రిక దాదాపు కోటి మందికి నమూనా బ్యాలెట్లు పంపింది. ఇరవై లక్షలకు పైగా తిరిగివచ్చాయి. వాటిని లెక్కించి రిపబ్లికన్ అభ్యర్థి ఆల్ఫ్రెడ్ లాండన్ గెలుస్తారని ప్రకటించింది. ఫలితాల్లో ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాలలో 46 గెలుచుకున్నారు. టెలిఫోను, మోటారుకారు ఉన్నవారి జాబితాల నుంచి చిరునామాలు తీసుకోవడం వల్ల ఆర్థికమాంద్యంలో చితికిన పేద ఓటరు ఆ లెక్కలోకి సరిగా రాలేదు. బ్యాలెట్ తిరిగి పంపే ఓపిక ఉన్నవారి అభిప్రాయమే మిగిలింది. అంతకు ఏడాది ముందు, 1935లో, అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ ఒపీనియన్‌ను స్థాపించిన జార్జి గాలప్ అంతకంటే ఎంతో చిన్న నమూనాతో విజేతను సరిగా ఊహించారు. ఎంతమందిని అడిగామన్నదానికంటే ఎవరిని అడిగామన్నది ముఖ్యమని ఈ ఘటన నిరూపించింది.

రెండవ ప్రపంచయుద్ధం ఈ విద్యను ప్రభుత్వాల దగ్గరకు చేర్చింది. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో ప్రజాభిప్రాయ పరిశోధన కేంద్రాన్ని నడిపిన హాడ్లీ కాంట్రిల్ (1906-1969) యుద్ధకాలంలో అమెరికన్ల మనోభావాలపై రూజ్‌వెల్ట్‌కు నివేదికలు అందించారు. యుద్ధానంతరం యునెస్కో ఆధ్వర్యంలో 1948లో తొమ్మిది దేశాలలో జరిగిన సర్వేను విశ్లేషిస్తూ విలియం బుకానన్, కాంట్రిల్ కలిసి రాసిన గ్రంథం 1953లో వెలువడింది. ఒకే ప్రశ్నావళిని వేర్వేరు భాషలలోకి మార్చి పలు దేశాల ప్రజలను పోల్చే ప్రయత్నాలలో ఇది తొలితరానికి చెందినది.

స్వతంత్ర భారతంలో నమూనా సర్వే రెండు దారులలో వచ్చింది. ప్రశాంతచంద్ర మహలనోబిస్ నేతృత్వంలో 1950లో ప్రారంభమైన జాతీయ నమూనా సర్వే కుటుంబం ఏమి తిన్నది, ఎంత ఖర్చు చేసింది అని అడిగింది. 1950ల నడుమ ఢిల్లీలో ఎరిక్ డ కోస్టా నడిపిన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ ఒపీనియన్ ప్రజలు ఏమనుకుంటున్నారని అడిగింది. రజనీ కొఠారీ 1963లో స్థాపించిన వికాసశీల సమాజాల అధ్యయన కేంద్రం 1967 సార్వత్రిక ఎన్నికల సందర్భంలో ఓటరు వైఖరులపై జాతీయస్థాయి అధ్యయనం చేసింది. మొదటి దారి ప్రణాళికా సంఘానికి చేరింది. రెండవది ఎక్కువగా ఎన్నికల విశ్లేషణకే పరిమితమైంది. జీవనస్థితిని గురించి ప్రజలే ఇచ్చే తీర్పు ఈ రెండు దారుల నడుమ చాలాకాలం నిలువనీడ లేకుండా ఉండిపోయింది.

3. కాంట్రిల్ నిచ్చెన - నిర్మాణం:

కాంట్రిల్ ఎదుర్కొన్న సమస్య సరళమైనది, లోతైనది. అమెరికన్ ఇంజనీరుకూ, భారతీయ వ్యవసాయకూలీకీ, నైజీరియా గ్రామీణ స్త్రీకీ మంచి బతుకు అంటే ఒకటే అర్థం కాదు. పరిశోధకుడు తన కొలబద్దను వారి మీద రుద్దితే వచ్చేది పరిశోధకుని అభిప్రాయమే. అందువల్ల కొలబద్ద రెండు కొసలనూ సమాధానమిచ్చేవారే నిర్ణయించుకొనే పద్ధతిని ఆయన రూపొందించారు.

ముందుగా వారి ఆశలు, కోరికలు ఏమిటని అడుగుతారు. తరువాత భయాలు, బెంగలు ఏమిటని అడుగుతారు. అప్పుడు ఒక నిచ్చెన బొమ్మ చూపుతారు. పై మెట్టు, అంటే 10, వారు ఊహించుకోగల అత్యుత్తమ జీవితం. అడుగున ఉన్న 0 అతి దుర్భర జీవితం. నేడు ఏ మెట్టు మీద ఉన్నారు, అయిదేళ్ల క్రితం ఎక్కడ ఉన్నారు, అయిదేళ్ల తరువాత ఎక్కడ ఉంటారు అన్నవి వ్యక్తిగత ప్రశ్నలు. ఇవే ప్రశ్నలు దేశాన్ని గురించి కూడా అడుగుతారు. ఈ విధంగా సున్నా నుంచి పది వరకు పదకొండు అంకెలలో ఒక మనిషి తన బతుకుపై తానే ఇచ్చుకునే తీర్పు నమోదవుతుంది.

1950ల చివరి నుంచి 1960ల ఆరంభం వరకు పద్నాలుగు దేశాలలో దాదాపు 20,000 మందిని అడిగి సేకరించిన సమాచారం 1965లో 'ద ప్యాటర్న్ ఆఫ్ హ్యూమన్ కన్సర్న్స్' గ్రంథంగా వచ్చింది. భారతదేశం వాటిలో ఒకటి. భారతీయ సమాధానాలలో పదేపదే కనిపించేవి సొంత భూమి, కొడుకు, పాడిపశువు, ఇంట్లో నీటి కుళాయి, విద్యుత్తు, పిల్లల చదువు, కూతురి పెళ్లి, రోగం లేని దేహం. ఒక సైకిలు కొనగలిగితే చాలన్నవారూ ఉన్నారు. అదే కాలంలో అమెరికన్లు కోరుకున్నవి కొత్త కారు, పడవ, పిల్లలకు కళాశాల విద్య. కోరికల పరిమాణం వేరైనా వాటి స్వభావంలో ఉన్న సామ్యం కాంట్రిల్‌ను ఆకర్షించింది. ఎక్కడైనా మనిషి మొదట మాట్లాడేది కుటుంబం, జీవనోపాధి, ఆరోగ్యం గురించే. దేశ రాజకీయాలు, ప్రపంచశాంతి ఆ తరువాతే.

సగటు ఫలితాలలో అమెరికా 6.6, క్యూబా 6.4, ఈజిప్టు 5.5, పశ్చిమ జర్మనీ 5.3, జపాన్ 5.2, నైజీరియా 4.8, భారతదేశం 3.7, డొమినికన్ రిపబ్లిక్ 1.6 మెట్లపై నిలిచాయి. భారతీయుని తీర్పు తన పేదరికానికి దగ్గరగానే ఉంది. అయితే ఆదాయంలో భారతదేశంతో దాదాపు సమానంగా ఉన్న నైజీరియా ఒక మెట్టుకు పైగా ఎత్తున ఉంది. నైజీరియాకు పదిరెట్లకు మించిన ఆదాయం ఉన్న పశ్చిమ జర్మనీ దానికంటే అర మెట్టే పైన ఉంది. 1960లో స్వాతంత్ర్యం పొందిన నైజీరియాలో, నాసర్ కాలపు ఈజిప్టులో, విప్లవానంతర క్యూబాలో వినిపించిన ఆశను ఆదాయ పట్టికలు పట్టుకోలేవు. 1961లో నియంత త్రుహియో హత్య తరువాత అనిశ్చితిలో కొట్టుమిట్టాడుతున్న డొమినికన్ ప్రజల నిరాశనూ పట్టుకోలేవు.

4. ప్రశ్న ఎవరిది? సమాధానం ఎవరికి?

ఈ సర్వేల వెనుక ఉన్న సంస్థ చరిత్ర కూడా పరిశీలించదగినది. కాంట్రిల్, లాయిడ్ ఫ్రీ 1955లో అంతర్జాతీయ సామాజిక పరిశోధన సంస్థను నెలకొల్పారు. రాక్‌ఫెల్లర్ ఆర్థికసహాయంతో నడుస్తున్నట్లు బయటకు తెలిసిన ఆ సంస్థకు అమెరికా కేంద్ర గూఢచార సంస్థ నిధులు అందాయని 1977లో న్యూయార్క్ టైమ్స్ వెల్లడించింది. పరాయి దేశాల ప్రజల ఆశలు, భయాలు తెలుసుకోవాలన్న ఆసక్తి విద్వత్కుతూహలంతోనే ఆగలేదు. శీతలయుద్ధంలో ఆ సమాచారానికి వేరే విలువ ఉంది.

క్యూబా ఉదాహరణ ఈ విషయాన్ని స్పష్టం చేస్తుంది. 1960లో లాయిడ్ ఫ్రీ క్యూబా పట్టణాలలో దాదాపు 1,000 మంది అభిప్రాయాలు సేకరింపజేశారు. ఫిడెల్ కాస్ట్రో ప్రభుత్వానికి పట్టణ ప్రజలలో అత్యధికుల మద్దతు ఉందనీ, భవిష్యత్తుపై వారిలో గట్టి ఆశ ఉందనీ ఆ నివేదిక తేల్చింది. 1961 ఏప్రిల్‌లో అమెరికా ప్రోద్బలంతో ప్రవాస క్యూబన్లు బే ఆఫ్ పిగ్స్ తీరంలో దిగారు. ప్రజలు తిరగబడి వారితో కలుస్తారన్న అంచనా తలకిందులైంది. దాడి మూడు రోజులలో విఫలమైంది. ప్రజలేమనుకుంటున్నారో చెప్పే పత్రం అప్పటికే సిద్ధంగా ఉన్నా నిర్ణయం తీసుకున్నవారు దానిని లెక్కలోకి తీసుకోలేదు. ఈ అనుభవాన్ని కాంట్రిల్ తన తరువాతి రచనలో విచారంతో ప్రస్తావించారు.

ఈ ఘటన నుంచి రెండు అంశాలు గ్రహించవచ్చు. మొదటిది, ప్రజాభిప్రాయాన్ని సేకరించడం, దానిని వినడం వేర్వేరు పనులు. రెండవది, ఆ పట్టణవాసుల సమాధానాలు వారి సొంత పాలకులను జవాబుదారీ చేయడానికి సేకరించినవి కావు. వాటిని చదివినవారు వేరొక దేశపు విధాననిర్ణేతలు. బతుకు వారిది, అంకె మరొకరిది.

5. ఈస్టర్లిన్ వైరుధ్యం:

కాంట్రిల్ అంకెలకు రెండవ జీవితం ఇచ్చినవారు ఆర్థికవేత్త రిచర్డ్ ఈస్టర్లిన్. ఆర్థికవృద్ధి మానవుని స్థితిని మెరుగుపరుస్తుందా అన్న ప్రశ్నతో 1974లో ఆయన ప్రచురించిన వ్యాసం ఈ రంగంలో నేటికీ చర్చనీయాంశం. ఒక దేశంలో ధనికులు పేదలకంటే ఎక్కువ సంతృప్తిగా ఉన్నట్లు చెబుతారు. అయితే దేశాల మధ్య పోలికలో ఆదాయానికీ సంతృప్తికీ అంత గట్టి సంబంధం కనిపించదు. అమెరికాలో 1946 నుంచి 1970 వరకు ఆదాయాలు పెరిగినా సంతోషం ఆ మేరకు పెరిగిన జాడ లేదు. మనిషి తన స్థితిని ఇరుగుపొరుగుతో పోల్చి కొలుచుకుంటాడనీ, అందరి ఆదాయమూ ఒకేసారి పెరిగితే కొలబద్ద కూడా పెరుగుతుందనీ ఆయన వివరణ.

ఈ వాదాన్ని 2008లో బెట్సీ స్టీవెన్‌సన్, జస్టిన్ వోల్ఫర్స్ విస్తృత సమాచారంతో ప్రశ్నించారు. దేశాల మధ్య కూడా ఆదాయంతోపాటు సంతృప్తి పెరుగుతుందనీ, ఒక పరిమితి దాటాక ఆగిపోతుందనడానికి ఆధారం లేదనీ వారి నిర్ణయం. 2010లో డేనియల్ కానెమాన్, ఆంగస్ డీటన్ అమెరికన్ సమాచారంతో మరొక భేదాన్ని ముందుకు తెచ్చారు. నిచ్చెనపై ఇచ్చే తీర్పు ఒకటి, నిన్నటి రోజున అనుభవించిన నవ్వు, దిగులు, కోపం మరొకటి. మొదటిది ఆదాయంతో పెరుగుతూ పోతుంది. రెండవది వార్షికాదాయం సుమారు 75,000 డాలర్ల దగ్గర నిలిచిపోతుందని వారు ఆనాడు పేర్కొన్నారు. ఈ రెండవ నిర్ణయం తరువాతి పరిశోధనలలో సవరణలకు గురైంది. అయినా 'బతుకు బాగుంది' అనడానికీ 'రోజు బాగా గడిచింది' అనడానికీ మధ్య ఉన్న తేడా పరిశోధనా రంగంలో స్థిరపడింది.

6. బరోమీటర్ల నుంచి ప్రపంచ సర్వే వరకు:

1970ల నుంచి ప్రజాభిప్రాయ సేకరణ ఒకసారి చేసి ముగించే అధ్యయనంగా కాక నిరంతర పరిశీలనగా మారింది. యూరోపియన్ సమాజం 1974లో యూరోబరోమీటర్ ప్రారంభించింది. 1981లో మొదలైన ప్రపంచ విలువల సర్వే రొనాల్డ్ ఇంగిల్‌హార్ట్ కృషితో ఖండాంతరాలకు విస్తరించింది. సైనిక పాలనల నుంచి బయటపడిన దక్షిణ అమెరికాలో 1995లో లాటినోబరోమీటర్, ఆఫ్రికాలో 1999లో ఆఫ్రోబరోమీటర్ ఆరంభమయ్యాయి. ప్రజాస్వామ్యంపై, కోర్టులపై, పోలీసులపై నమ్మకం ఉందా, తాగునీరు అందుతోందా, లంచం ఇవ్వవలసి వచ్చిందా అన్న ప్రశ్నలను ఆయా దేశాల పరిశోధకులే తమ ప్రజలను అడగడం ఈ దశ విశిష్టత. అడిగేవారు, సమాధానమిచ్చేవారు ఒకే సమాజానికి చెందినవారు కావడం కాంట్రిల్ కాలానికి దీనికి ఉన్న ముఖ్యమైన తేడా.

2005లో గాలప్ సంస్థ ప్రపంచ సర్వేను ప్రారంభించింది. ఏటా 140కి అటూ ఇటూగా దేశాలలో, చాలా దేశాలలో సుమారు వెయ్యి మంది చొప్పున, భారత్, చైనా వంటి పెద్ద దేశాలలో అంతకంటే ఎక్కువమందిని అడుగుతారు. కాంట్రిల్ నిచ్చెనతోపాటు తిండికి డబ్బు చాలకపోయిన సందర్భం ఉందా, రాత్రివేళ ఒంటరిగా నడవడానికి భయం లేదా, ప్రభుత్వంలో అవినీతి వ్యాపించి ఉందా అన్న ప్రశ్నలు ఇందులో ఉంటాయి.

ఇదే కాలంలో విధానరంగం కూడా ఈ వైపు మళ్లింది. జోసెఫ్ స్టిగ్లిట్జ్, అమర్త్యసేన్, ఝాన్-పాల్ ఫిటూసీ నేతృత్వంలోని కమిషన్ 2009లో స్థూల దేశీయోత్పత్తి ఒక్కటే ప్రగతికి కొలమానం కాదని, ప్రజల సొంత అంచనాలనూ సేకరించాలని సూచించింది. భూటాన్ చొరవతో ఐక్యరాజ్యసమితి సాధారణ సభ 2011 జూలైలో సంతోషాన్ని అభివృద్ధి లక్ష్యంగా గుర్తిస్తూ 65/309 తీర్మానాన్ని ఆమోదించింది. 2012 ఏప్రిల్‌లో తొలి ప్రపంచ సంతోష నివేదిక వెలువడింది. దేశాల ర్యాంకుల పట్టికకు ఆధారం గాలప్ సేకరించే నిచ్చెన సమాధానాల మూడేళ్ల సగటు.

6.1. భూటాన్ అనుభవం:

నాలుగవ రాజు జిగ్మే సింగ్యే వాంగ్‌చుక్ 1970లలో ప్రతిపాదించిన స్థూల జాతీయ సంతోషం 2008 నాటి భూటాన్ రాజ్యాంగంలో చోటు సంపాదించింది. 2010 సర్వే తొమ్మిది రంగాలలో 33 సూచికలతో ప్రజల స్థితిని కొలిచింది. మానసిక స్వస్థత, కాలవినియోగం, సామాజిక జీవనం, పర్యావరణం, సుపరిపాలన ఇందులో భాగాలు. ఒక్క అంకెతో ముగియని ఈ పద్ధతి నిచ్చెన ప్రశ్నకు విలువైన ప్రత్యామ్నాయం.

అయితే 1990ల తొలి సంవత్సరాలలో దాదాపు లక్షమంది నేపాలీ భాషీయులైన ల్హోత్షంపాలు భూటాన్ విడిచి నేపాల్ శరణార్థి శిబిరాలలో తలదాచుకోవలసి వచ్చింది. పౌరసత్వ నిబంధనలు, ఏకసంస్కృతి విధానం అందుకు నేపథ్యం. దేశం వెలుపల ఉన్నవారు దేశపు నమూనాలోకి రారు. సంతోష సూచిక ఎంత సూక్ష్మమైనదైనా తన పరిధిలో లేనివారి దుఃఖాన్ని అది నమోదు చేయలేదు. 1936లో టెలిఫోను లేని ఓటరు విషయంలో జరిగినదే ఇక్కడ మరింత తీవ్రరూపంలో కనిపిస్తుంది.

7. ఆదాయం పైకి, మెట్టు కిందికి - ఈజిప్టు, ట్యునీషియా:

ప్రజల తీర్పు ఆర్థిక గణాంకాలకు ఎదురు నడిచిన సందర్భాలలో అరబ్ ప్రపంచం ముఖ్యమైనది. 2006-08 నడుమ ఈజిప్టు ఆర్థికవ్యవస్థ ఏటా సుమారు 7 శాతం వృద్ధి చెందింది. అంతర్జాతీయ ఆర్థికసంస్థలు ఆ దేశ సంస్కరణలను ప్రశంసించాయి. గాలప్ వర్గీకరణలో నేటి జీవితానికి 7 లేదా పైన, అయిదేళ్ల తరువాతి జీవితానికి 8 లేదా పైన మెట్టు ఇచ్చినవారు 'వికసిస్తున్నవారు'. ఈజిప్టులో అటువంటివారు 2005లో 29 శాతం ఉండగా 2010 నాటికి 11 శాతానికి తగ్గారు. ట్యునీషియాలో 2008లో 24 శాతం ఉన్నవారు 2010లో 14 శాతానికి పడిపోయారు.

2010 డిసెంబరు 17న ట్యునీషియాలోని సీదీ బూజీద్ పట్టణంలో తోపుడుబండిపై పండ్లు అమ్ముకునే మహమ్మద్ బువజీజీ అధికారుల వేధింపులకు నిరసనగా ఒంటికి నిప్పంటించుకున్నాడు. 2011 జనవరి 14న అధ్యక్షుడు బెన్ అలీ దేశం విడిచి పారిపోయాడు. ఫిబ్రవరి 11న ఈజిప్టులో హోస్నీ ముబారక్ పదవి వీడాడు. తలసరి ఆదాయపు గీత పైకి పోతుండగా నిచ్చెన మీది మనుషులు దిగుతూ ఉన్నారన్న సంగతి అప్పుడు ప్రపంచం దృష్టికి వచ్చింది.

ఈ ఉదాహరణను వాడేటప్పుడు జాగ్రత్త అవసరం. ఈ అన్వయం తిరుగుబాటు జరిగిన తరువాత చేసినది. జీవనసంతృప్తి తగ్గిన దేశాలన్నింటిలో తిరుగుబాట్లు రాలేదు. నిచ్చెన విప్లవాన్ని ముందుగా చెప్పే జోస్యసాధనం కాదు. వృద్ధి ఫలాలు ఎవరికి చేరుతున్నాయి, చదువుకున్న యువతకు ఉద్యోగం దొరుకుతోందా, చిరువ్యాపారికి గౌరవం మిగిలిందా అన్న ప్రశ్నలు సగటు ఆదాయంలో కనిపించవని మాత్రం అది గట్టిగా గుర్తుచేసింది.

8. భారతదేశం, తెలుగు ప్రాంతం:

ప్రపంచ సంతోష నివేదికలో భారతదేశ స్థానం ప్రతి మార్చి నెలలోనూ పత్రికలలో చర్చకు వస్తుంది. 2019లో 156 దేశాలలో 140వ స్థానం, 2024లో 143 దేశాలలో 126వ స్థానం, 2025లో 147 దేశాలలో 118వ స్థానం లభించాయి. ఈ ర్యాంకులపై స్పందన సాధారణంగా రెండు విధాలు. ఒకటి పాలకులపై విమర్శకు దీనిని వాడుకోవడం, రెండు పాశ్చాత్య కొలమానం అంటూ పూర్తిగా తోసిపుచ్చడం. రెండూ కొలమాన స్వభావాన్ని తరచి చూడని ధోరణులే.

8.1. సగటు దాచేది:

విశాలదేశంలో జాతీయ సగటు ప్రాంతీయ భేదాలను మరుగుపరుస్తుంది. రాజకీయ చరిత్రలో దీనికి ప్రసిద్ధ ఉదాహరణ 1977 లోక్‌సభ ఎన్నికలు. అత్యవసర పరిస్థితిపై ఉత్తర భారతం కాంగ్రెసును తుడిచిపెట్టింది. ఆంధ్రప్రదేశ్ 42 స్థానాలలో 41 ఆ పార్టీకే ఇచ్చింది. మిగిలిన నంద్యాల స్థానం మాత్రం జనతా పార్టీ అభ్యర్థి నీలం సంజీవరెడ్డికి దక్కింది. ఒకే పాలన, ఒకే కాలం, రెండు భిన్నమైన తీర్పులు. దేశమంతటికీ సరిపడే పరిమాణంలో తీసిన నమూనా నుంచి శ్రీకాకుళం గురించో, మహబూబ్‌నగర్ గురించో నిర్ణయాలు చేయడం శాస్త్రీయం కాదు.

8.2. తెలుగు పిల్లల నిచ్చెన:

ప్రాంతీయ స్థాయిలో నిచ్చెన ప్రశ్నను వాడిన విలువైన అధ్యయనం 'యంగ్ లైవ్స్'. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నేతృత్వంలో ఇథియోపియా, పెరూ, వియత్నాం, భారతదేశాలలో 2002లో మొదలైన ఈ దీర్ఘకాలిక పరిశోధనకు భారతదేశంలో ఎంచుకున్నది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. 2001-02లో పుట్టిన 2,000 మంది, 1994-95లో పుట్టిన 1,000 మంది పిల్లల జీవితాలను ఇది అనుసరిస్తూ వచ్చింది. శ్రీకాకుళం, పశ్చిమగోదావరి, కడప, అనంతపురం, కరీంనగర్, మహబూబ్‌నగర్, హైదరాబాదు ప్రాంతాలు నమూనాలో ఉన్నాయి. 2014 విభజన తరువాత అదే పరిశోధన రెండు రాష్ట్రాల సమాచారంగా మారింది. ఇందులో తొమ్మిది మెట్ల నిచ్చెన చూపి పిల్లలను తమ స్థానం చెప్పమన్నారు. ఆ పిల్లలు ఏమి తిన్నారో, ఏ బడికి వెళ్లారో, ఏ వయసులో పెళ్లయిందో అన్న వివరాల పక్కనే వారి సొంత తీర్పు కూడా నమోదుకావడం ఈ అధ్యయన ప్రత్యేకత. కాంట్రిల్ కాలంలో ఒక్కసారి అడిగి వెళ్లిపోయిన ప్రశ్నను ఇక్కడ అదే మనిషిని ఏళ్ల వ్యవధితో మళ్లీ మళ్లీ అడిగారు.

8.3. భాషాసమస్య:

'బాగున్నారా' అన్న ప్రశ్నకు 'బాగున్నాం' అన్నది తెలుగునాట మర్యాద. అది జీవనస్థితిపై తీర్పు కాదు. సుఖం, సంతోషం, తృప్తి, క్షేమం, సౌఖ్యం అన్న పదాలకు వేర్వేరు ఛాయలున్నాయి. క్షేమం అపాయం లేకపోవడాన్ని, తృప్తి కోరిక చల్లారడాన్ని, సంతోషం మనఃస్థితిని సూచిస్తాయి. ప్రశ్నావళిలో ఏ పదాన్ని ఎంచుకుంటే ఆ పదానికి తగిన సమాధానమే వస్తుంది. నిచ్చెన ప్రశ్నలో ఈ పదాలేవీ వాడవలసిన అవసరం లేకపోవడం అనువాదం దృష్ట్యా దానికున్న బలం.

అయితే బొమ్మకు కూడా అర్థం ఉంటుంది. తెలుగువారికి నిచ్చెన అనగానే వైకుంఠపాళి గుర్తుకు వస్తుంది. ఆ ఆటలో నిచ్చెనలు పుణ్యఫలాలు, పాములు పాపఫలాలు. పాచిక ఎలా పడితే అలా ఎక్కడం, దిగడం. కాంట్రిల్ నిచ్చెనలో మెట్టును ఎంచుకునేది మనిషే. తన స్థానం తన చేతిలో లేదని భావించే వ్యక్తి, తన స్థానాన్ని తాను సాధించుకున్నానని భావించే వ్యక్తి ఒకే అంకె చెప్పినా రెండింటి అర్థం ఒకటి కాకపోవచ్చు. 2024లో 'సైంటిఫిక్ రిపోర్ట్స్'లో ప్రచురితమైన ఒక ప్రయోగం, బ్రిటన్‌లో సమాధానమిచ్చినవారికి నిచ్చెన బొమ్మ అధికారం, సంపదలను ఎక్కువగా స్ఫురింపజేసిందని చూపింది. నిచ్చెన ప్రస్తావన తీసివేసినప్పుడు ఆ ఆలోచనలు తగ్గాయి. సమాజంలోని అంతస్తులను మెట్లుగా ఊహించుకునే అలవాటు బలంగా ఉన్న చోట ఈ పరిశీలనకు మరింత ప్రాధాన్యం ఉంది.

8.4. ప్రభుత్వమే ప్రశ్నించినప్పుడు:

మధ్యప్రదేశ్ 2016లో ఆనంద విభాగాన్ని ఏర్పాటు చేసింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2018 ఏప్రిల్‌లో అమరావతిలో సంతోష నగరాల సదస్సు నిర్వహించింది. పథకాలు, సేవలపై ప్రజల సంతృప్తిని ఫోను ద్వారా అడిగి శాతాలలో నమోదు చేసే పద్ధతి కూడా ఈ కాలంలో పాలనలో భాగమైంది. పౌరుని అభిప్రాయానికి విలువ ఇవ్వడం ఆహ్వానించదగిన పరిణామమే. కానీ పింఛను ఇచ్చే ప్రభుత్వమే పింఛను బాగా అందుతోందా అని అడిగినప్పుడు, అడిగిన ఫోను నంబరు లబ్ధిదారుని వివరాలతో ముడిపడి ఉన్నప్పుడు, వచ్చే సమాధానం స్వతంత్ర పరిశోధకునికి వచ్చే సమాధానంతో సమానం కాజాలదు. గోప్యత హామీ, అడిగేవారి స్వతంత్రత, పూర్తి ఫలితాల ప్రచురణ - ఈ మూడూ లేనిచోట సంతృప్తి శాతం పాలనపై తీర్పుగా నిలవదు. ప్రచారపత్రంలో ఒక అంకెగా మిగులుతుంది.

9. ఉపసంహారం:

నౌరోజీ కాలంలో ప్రజల స్థితిని గురించి వాదించినవారు ఎందరో ఉన్నా ప్రజలను అడిగే పద్ధతి లేదు. నేడు పద్ధతి ఉంది, సంస్థలు ఉన్నాయి, ఏటేటా వెలువడే పట్టికలు ఉన్నాయి. ఈ ఎనభై తొంభై ఏళ్ల చరిత్ర నుంచి కింది అంశాలను గ్రహించవచ్చు.

- జీవనసంతృప్తి సర్వేలు ఆదాయ గణాంకాలకు ప్రత్యామ్నాయం కావు. రెండింటి మధ్య అంతరం ఏర్పడినప్పుడే అవి ఎక్కువ విలువైన సమాచారం ఇస్తాయి. ఈజిప్టు, ట్యునీషియాలు అందుకు నిదర్శనం.
- నమూనాలోకి రానివారి అనుభవం ఫలితంలోకి రాదు. 1936 నాటి పేద అమెరికన్ ఓటరు, ల్హోత్షంపా శరణార్థి ఇందుకు సాక్ష్యం.
- సేకరించిన అభిప్రాయం ఎవరి చేతికి చేరుతుందన్నది దాని ప్రయోజనాన్ని నిర్ణయిస్తుంది. క్యూబా సర్వే పరాయి పాలకుల బల్లపైకి చేరింది, అక్కడా ఎవరూ పట్టించుకోలేదు.
- ఒకే మనిషిని కాలక్రమంలో మళ్లీ అడిగే ప్రాంతీయ అధ్యయనాలు ఒక్కసారి ప్రకటించే ర్యాంకులకంటే లోతైన అవగాహన ఇస్తాయి. తెలుగు రాష్ట్రాలకు అటువంటి సమాచారం అందుబాటులో ఉండడం ఇక్కడి చరిత్ర, సమాజశాస్త్ర పరిశోధకులకు అవకాశం.
- ప్రశ్నావళి భాష, బొమ్మ, సందర్భం సమాధానాన్ని తీర్చిదిద్దుతాయి. తెలుగులో శ్రేయస్సును సూచించే పదజాలంపై భాషాశాస్త్రజ్ఞులు, సామాజిక శాస్త్రజ్ఞులు కలిసి పనిచేయవలసిన అవసరం ఉంది.

1960లలో నీటి కుళాయి కోసం, ఎకరం నేల కోసం, ఒక సైకిలు కోసం ఆశపడి 3.7 మెట్టుపై నిలబడిన భారతీయుని సమాధానం నిజాయితీ గలది. ఆ తరువాతి దశాబ్దాలలో ఎన్నో ఇళ్లకు కుళాయి వచ్చింది, విద్యుత్తు వచ్చింది, సైకిలు స్థానంలో మోటారుబండి వచ్చింది. అయినా నిచ్చెనపై మెట్టు ఆ స్థాయిలో పెరగలేదంటే ఆశలు పెరిగాయనుకోవాలా, భద్రత తగ్గిందనుకోవాలా, ఇరుగుపొరుగుతో పోలిక పదునెక్కిందనుకోవాలా? అంకె ఒక్కటే దీనికి సమాధానం చెప్పలేదు. కాంట్రిల్ పద్ధతిలో మెట్టు అడగడానికి ముందు ఆశలు, భయాలు అడిగేవారు. తరువాతి సర్వేలు మెట్టును నిలుపుకొని ఆ ముందుమాటను వదిలివేశాయి. వదిలివేసిన ఆ సంభాషణను తిరిగి చేపట్టడం ఈ రంగంలో రాబోయే పరిశోధనలు చేయవలసిన ప్రధానమైన పని.